పాడి ప్రశ్నలు: లంపీ వస్తే ముందు ఎవరికి చెప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం లంపీ చర్మవ్యాధి గురించే. వానలు పడి ఈగలు, దోమలు రేగే కాలం కాబట్టి అది సహజమే. భీమిలి, ఆనందపురం, పద్మనాభం వైపు ఊళ్ళల్లో పశువైద్యం చేసి రిటైరయ్యాను గానీ రైతుల ఫోన్లు మాత్రం ఆగలేదు. ఆ ఫోన్లలో వినిపించేదే ఈ ఉత్తరాల్లోనూ కనిపిస్తోంది. జబ్బు భయం కంటే 'నలుగురికీ తెలిస్తే ఎలా' అన్న భయం ఎక్కువగా ఉంది. అందుకే ఈ నెల స్థలమంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాకు రెండు జెర్సీ ఆవులు, ఒక గేదె, ఒక పెయ్యదూడ ఉన్నాయి. నిన్న పాలు పితుకుతుంటే పెద్దావు మెడ మీద, పొదుగు పక్కన గట్టిగా బుడిపెలు తగిలాయి. మేత ముట్టడం లేదు. పాలకేంద్రంలో మన పాలు పోయించుకోరు, ఎవరికీ చెప్పకు అంటున్నారు మా ఆయన. అమ్మవారు పోసింది, వేపమండలు కట్టి పసుపునీళ్ళు చల్లితే తగ్గిపోతుంది అంటున్నారు మా అత్తగారు. ఈ ఆవు పాలు తాగితే పిల్లలకు కూడా బుడిపెలు వస్తాయని ఫోన్లో మెసేజ్ వచ్చింది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాడి రైతు, ఆనందపురం మండలం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో ఫోన్ నంబరు ఉంది కాబట్టి మీతో అప్పుడే మాట్లాడాను. పత్రిక అచ్చయి వచ్చేదాకా ఆగే విషయం కాదిది. మీకు చెప్పిందే మిగతావాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

ముందు పిల్లల సంగతి. లంపీ మనుషులకు రాదు. పాల వల్లా రాదు, పశువును ముట్టుకున్నా రాదు. మరగకాచిన పాలు నిశ్చింతగా తాగవచ్చు. అయితే జబ్బు పశువుకు యాంటీబయాటిక్ సూదులు పడితే, ఆ మందు పాలల్లోకి దిగుతుంది. ఎన్నాళ్ళు ఆ పాలు వాడకూడదో సూది వేసిన డాక్టరును అడిగి, అన్నాళ్ళూ ఆ ఒక్క ఆవు పాలు వేరుగా తీసి పారబోయండి. మిగతా పశువుల పాలకు ఏమీ కాదు. పాలకేంద్రంలో కూడా ఇదే మాట చెప్పండి: 'ఒక ఆవుకు బాగాలేదు, దాని పాలు క్యానులో కలపడం లేదు, డాక్టరుగారు చూస్తున్నారు.' నాలుగు రోజులు దాచి, ఆ తర్వాత ఇంకొకరి నోట కేంద్రానికి తెలిస్తే అప్పుడు మీ పాలన్నిటి మీదా అనుమానం పడుతుంది.

మీ చేతికి తగిలింది లంపీయే అయ్యే అవకాశం ఎక్కువ. ఈ జబ్బును కంటి కంటే ముందు చెయ్యి పడుతుంది. పొద్దున్నే పాలు పితికే ముందు, తోక వైపు నుంచి మెడ దాకా వెంట్రుకలకు ఎదురుగా అరచేత్తో నెమ్మదిగా నిమరండి. మొదట్లో బుడిపె పైకి కనపడదు, ఆ చోట వెంట్రుకలు మాత్రం నిక్కబొడుచుకుని ఉంటాయి. వేలితో నొక్కితే లోపల గట్టిగా తగిలి, చర్మంతో పాటే కదులుతుంది. తర్వాత భుజానికి ముందు, మెడ మొదట్లో వేళ్ళు పెట్టి తడమండి. లోపలి గ్రంథి నిమ్మకాయంత ఉబ్బి దొరుకుతుంది. రెండో పక్కా చూడండి. కళ్ళల్లో నీరు, ముక్కులో చీమిడి, నోట చొంగ ఉంటాయి. పాలు ఒక్కసారిగా పడిపోతాయి. కొన్నిటికి కాళ్ళు, గంగడోలు వాచి నడవలేవు. దద్దుర్లు ఇలా ఉండవు. అవి గంటల్లో పొంగి, ఒకటి రెండు రోజుల్లో దిగిపోతాయి, జ్వరం ఉండదు. ఆరోగ్యంగా ఉన్న ఆవు ఒంటి వేడి 101.5 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, లంపీలో 105 కూడా దాటుతుంది. ప్రతి పశువుల సాలలో ఒక థర్మామీటరు ఉండాలని నేను ఎప్పటినుంచో అడుగుతున్నాను. మందుల షాపులో దొరికేదే చాలు.

మీ అత్తగారి మాట కొట్టిపారేయకండి. వేపమండ కట్టినందువల్ల నష్టమేమీ లేదు. పుండ్ల చుట్టూ వేపనూనె రాస్తే ఈగలు వాలవు. అది చేస్తూనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఈ వైరస్‌ను చంపే మందు లేదు. కానీ జ్వరం తగ్గించడానికి, పగిలిన బుడిపెల్లో చీము పట్టకుండా ఉండటానికి మంచి వైద్యం ఉంది. వేళకు చూస్తే చాలా పశువులు కోలుకుంటాయి. మామూలుగా చావులు నూటికి ఒకటి నుంచి ఐదు లోపే. దూడల దగ్గర మాత్రం ఏమరుపాటు పనికిరాదు.

ఇక మీ ఆయన మాట. ఆయన భయం నాకు అర్థమవుతుంది. పాల డబ్బుతోనే ఇల్లు గడిచే చోట అది చిన్న భయం కాదు. కానీ ఈ జబ్బును ప్రధానంగా మోసేవి కుట్టే ఈగలు, దోమలు, గోమార్లు. మీరు నోరు మూసుకున్నా అవి పక్కింటి సాలకు వెళ్తూనే ఉంటాయి. మీరు ఈ రోజు చెబితే మీ ఊరి చుట్టూ 5 కిలోమీటర్ల మేర ఉన్న మంచి పశువులకు టీకా వేయిస్తారు. టీకా పడ్డాక పశువుకు బలం రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది కాబట్టి, మీరు ఆలస్యం చేసిన ప్రతి రోజూ పక్కవాళ్ళ పశువుకు పోయినట్టే. అంటువ్యాధి అనుమానం వస్తే తెలియజేయడం పశువు యజమాని బాధ్యత అని 2009 నాటి కేంద్ర చట్టం కూడా చెబుతోంది. చట్టం పేరు చెప్పి భయపెట్టడం నాకిష్టం లేదు. చెప్పినవాళ్ళకు నష్టం రాకుండా చూడాల్సిన బాధ్యత మా వైద్యుల మీద, ఊరి మీద కూడా ఉంది.

పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి, లేదా మీ రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడికి చెప్పండి. 'ఆవుకు బాగాలేదు' అంటే సరిపోదు. జ్వరం ఏ రోజు మొదలైంది, బుడిపెలు ఎక్కడున్నాయి, ఎన్ని పశువుల్లో ఎన్నిటికి వచ్చింది, చెవిపోగు మీది 12 అంకెలు, ఈ మధ్య కొత్త పశువును తెచ్చారా అన్నవి చెప్పండి. డాక్టరు వచ్చేలోపు ఆ ఆవును వేరుగా కట్టి, దోమతెర కట్టి, దాని తొట్టి, బకెట్టు వేరు చేయండి. మంచి పశువుల పని అయ్యాకే దీని దగ్గరకు వెళ్ళండి. సూది వేయడానికి ఎవరు వచ్చినా ఒక పశువుకు వాడిన సూది ఇంకో పశువుకు వాడనివ్వకండి. ఎండి రాలిన పొక్కుల్లో వైరస్ నెల దాటి కూడా బతుకుతుంది, ఊడ్చి కాల్చేయండి.

ప్రశ్న: మేకలకు వేసే మశూచి టీకా ఆవులకు వేస్తున్నారట. అంటే ఈ జబ్బు మేకల నుంచే వచ్చిందని మా ఊళ్ళో నన్ను మందను బయటికి తోలనివ్వడం లేదు. నిజమేనా?
– మేకల పెంపకందారు, భీమునిపట్నం మండలం

జవాబు: కాదు బాబూ. లంపీ ఆవులకు, కొంతవరకు గేదెలకు వచ్చే జబ్బు. మీ మేకలు దాన్ని తేలేదు. మేకల మశూచి, గొర్రెల మశూచి, లంపీ వైరస్‌లు మూడూ దగ్గరి బంధువులు కాబట్టి ఒకదాని టీకా ఇంకోదాన్ని కూడా కొంత అడ్డుకుంటుంది. అందుకే మన దేశంలో ఆ టీకాను ఆవులకు వాడారు. లంపీ కోసమే తయారు చేసిన టీకాను హిసార్, ఇజ్జత్‌నగర్‌లోని పరిశోధన సంస్థలు 2022 ఆగస్టులో విడుదల చేశాయి. ఈ జవాబు మీ సర్పంచిగారికి చూపించండి. మీ మేకలకు పీపీఆర్ టీకా వేయించారో లేదో మాత్రం చూసుకోండి, అది మేకలకు, గొర్రెలకు వచ్చే వేరే జబ్బు.

ప్రశ్న: అమ్మగారూ, మా ఊరి పాడి రైతుల కోసం నేనొక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. లంపీ అనగానే రోజుకు పదుల కొద్దీ ఫోటోలు, వీడియోలు వచ్చి పడుతున్నాయి. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తెలియడం లేదు. ఒకరి ఆవు ఫోటో పెడితే ఇంట్లోవాళ్ళు గొడవకొచ్చారు. గ్రూపు మూసేద్దామా అనిపిస్తోంది.
– డిగ్రీ విద్యార్థి, పెందుర్తి మండలం

జవాబు: మూసేయకు నాయనా. నీలాంటివాడు ఊరికొకడు ఉంటే నా ఉద్యోగంలో సగం కష్టం తగ్గేది.

వానాకాలం వచ్చిందంటే నా ఫోనుకూ కొన్ని ఫోటోలు వస్తాయి, బయట బయలులో వరసగా పడి ఉన్న ఆవులవి. 2022లో గుజరాత్, రాజస్థాన్‌లలో లంపీ విరుచుకుపడింది. ఆనాటి దృశ్యాలను 'మన పక్క ఊళ్ళోనే' అని రాసి పంపుతుంటారు. గ్రూపులో ఒక నియమం పెట్టు: ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు కళ్ళారా చూశారు అన్న మూడూ లేని ఫోటో ఉండదు. పంపినవాడిని తిట్టవద్దు. మెసేజ్ తీసేసి, ఎందుకు తీశావో ఒక్క వాక్యంలో రాయి.

నువ్వు రాసే మెసేజ్ ఇలా ఉంటే చాలు: '14వ తేదీ సాయంత్రం. మన ఊళ్ళో ఒక ఆవుకు జ్వరం, ఒంటి మీద బుడిపెలు. ఈ ఉదయం డాక్టరుగారు చూశారు. లంపీ అని అనుమానం. నమూనా తీశారు, ఇంకా నిర్ధారణ కాలేదు. ఆవును వేరుగా కట్టారు. ఎవరూ పశువులను సంతకు తోలవద్దు, కలిపి మేతకు వదలవద్దు. మీ పశువు మేత మానితే 1962కు చేయండి. రేపు సాయంత్రం మళ్ళీ రాస్తాను.'

ఇందులో రైతు పేరు లేదు చూడు. వీధి కూడా లేదు. డాక్టరుకు అన్నీ తెలియాలి, గ్రూపుకు అక్కర్లేదు. ఇంటి పేరు బయటపడిన రోజే రెండో ఇంటివాళ్ళు జబ్బు దాచడం మొదలుపెడతారు. 'ఇంకా నిర్ధారణ కాలేదు' అన్న మాట తీసేయకు. నిర్ధారణ అయినా, కాదని తేలినా అదే గ్రూపులో రాయి. కాదని తేలింది చాలామంది రాయరు, దానివల్లే పుకారు నెలల తరబడి బతుకుతుంది. రేపు రాస్తానన్నావు కాబట్టి, కొత్త కబురు లేకపోయినా 'కొత్తగా ఏ పశువుకూ రాలేదు' అని రాయి.

ఫోటోలు డాక్టరుకు విడిగా పంపు. నీడలో కాకుండా పగటి వెలుతురులో, పశువు మొత్తం పక్కనుంచి ఒకటి, బుడిపెల దగ్గరగా ఒకటి, చెవిపోగు అంకెలు కనపడేలా ఒకటి తీయాలి. దగ్గరి ఫోటోలో బుడిపె పక్కన అగ్గిపెట్టె పెట్టి తీస్తే దాని సైజు తెలుస్తుంది. ఈ ఫోటోలు తీయడానికి నువ్వే ఇల్లిల్లూ తిరగవద్దు. నీ చెప్పులు, బట్టలు కూడా జబ్బును మోయగలవు, గాలికుంటు విషయంలో మరీను. ఎవరి పశువును వాళ్ళనే తీసి పంపమను.

స్మార్ట్ ఫోన్ లేని పెద్దవాళ్ళ సంగతి మరవకు. పూటపూటా పాలు పోసే చోట గోడకు ఒక నల్లబల్ల తగిలించి నీ మెసేజే పెద్ద అక్షరాలతో రాయి. చదవలేనివాళ్ళకు పక్కవాళ్ళు చదివి చెబుతారు. ఊళ్ళో గుడి మైకు ఉంటే ఇంకా మంచిది.

ప్రశ్న: మా కొడుకు ఉద్యోగానికి సింహాచలం అప్పన్నకు కోడెదూడను మొక్కుకున్నాం. ఉద్యోగం వచ్చింది. దూడను తోలుకెళ్దామంటే మా వీధిలో రెండు ఆవులకు లంపీ అంటున్నారు. మా దూడకు ఏమీ లేదు. మొక్కు వాయిదా వేస్తే దోషమేమోనని భయంగా ఉంది.
– ఒక గృహిణి, పద్మనాభం మండలం

జవాబు: తల్లీ, మీ దూడకు పైకి ఏమీ లేకపోయినా లోపల జబ్బు పొదుగుతూ ఉండవచ్చు. ఈగ కుట్టిన తర్వాత లక్షణాలు బయటపడటానికి కొన్నిటికి వారం, కొన్నిటికి అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ లెక్కలో ఆ గడువు 28 రోజులు. మొక్కుల దూడలు ఎన్నో ఊళ్ళ నుంచి ఒకే చోటికి చేరతాయి. వాటిలో చాలావరకు పాలు మరిచీ మరవని పసివి. అక్కడికి జబ్బు చేరితే అప్పన్న కోడెలకే ముప్పు. దారిలో ఆగిన ప్రతి చోటా ఈగలు ఉంటాయి.

మీ వీధిలో చివరి పశువు కోలుకున్నాక, తోలుకెళ్ళవచ్చని డాక్టరు చెప్పిన తర్వాతే బయల్దేరండి. దూడకు టీకా వయసు వచ్చిందో లేదో అప్పుడే అడగండి. ఈలోగా గుడివాళ్ళకు విషయం చెబితే వాళ్ళే మిమ్మల్ని మెచ్చుకుంటారు. దోషం గురించి చెప్పేంత దాన్ని కాను గానీ, మా ఇంట్లోనూ అప్పన్న మొక్కులున్నాయి, నేనైతే ఆగుతాను. సంతకు తోలేవాళ్ళు, చుట్టాలింటికి పాడిపశువును పంపేవాళ్ళు కూడా ఇదే పాటించాలి.

ప్రశ్న: మేడమ్, నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యుడిని. పక్క మండలంలో జబ్బు వచ్చిన సంగతి నాకు రైతుల ద్వారా తెలుస్తోంది, అదీ ఆలస్యంగా. రైతులేమో 'మీరొచ్చి సీసాల్లో ఏదో పట్టుకెళ్తారు, మళ్ళీ ఏమీ చెప్పరు' అంటున్నారు. సమాచారం సరిగా అందాలంటే నా స్థాయిలో ఏం చేయగలను?
– జిల్లా సరిహద్దు మండలం నుంచి

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే బాబూ. రైతులు అన్నమాటలో న్యాయం ఉంది, అక్కడి నుంచే మొదలుపెడతాను.

నమూనా ఇచ్చిన రైతుకు ఫలితం చెప్పాలి. పొక్కు తీశారు, రక్తం తీశారు, ఐసు పెట్టెలో పెట్టి పంపారు. లంపీ అయితే భోపాల్‌లోని హై సెక్యూరిటీ ప్రయోగశాల దాకా, గాలికుంటు అయితే భువనేశ్వర్ దగ్గర అరుగుల్‌లోని జాతీయ సంస్థ దాకా పోవచ్చు. ఫలితం రావడానికి సమయం పడుతుంది. ఆ సంగతి రైతుకు ముందే చెప్పండి. ఫలితం రాకపోయినా మధ్యలో ఒక ఫోన్ చేసి 'ఇంకా రాలేదు, ఆవు ఎలా ఉంది' అని అడగండి. ఆ ఫోన్ అందుకున్న రైతు వచ్చే ఏడాది మీకే మొదట చెబుతాడు. పరీక్ష ఫలితం వచ్చి కూడా ఒక ఆఫీసులో ఫైలులోనే ఉండిపోయి, రైతు ఊరంతా మాటలు పడిన సంఘటన నా సర్వీసులో చూశాను. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పక్క మండలం సంగతి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఒకప్పుడు ఒకే సమావేశంలో కూర్చున్న డాక్టర్లు విశాఖ, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లోకి సర్దుకున్నారు. విజయనగరం ఎలాగూ వేరే. ఈగకు ఆ గీతలు తెలియవు. మీ సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న డాక్టర్ల నంబర్లు తీసుకుని వారం వారం ఒక రోజు పెట్టుకుని ఫోన్ చేయండి. కేసులు లేని వారం కూడా చేయండి. అధికారిక నివేదిక దాని దారిన అది పోవాల్సిందే, దాన్ని మానమనడం లేదు. కానీ పై నుంచి తిరిగి మీ దాకా వచ్చేలోపు పక్కవాడి ఫోన్ ముందు వస్తుంది. ఒడిశా వైపు నుంచి వచ్చే పశువుల మీదా కన్నుండాలి. మన దేశంలో లంపీ 2019లో మొదట బయటపడింది ఆ పక్క రాష్ట్రంలోనే.

బెంగళూరులోని నివేది సంస్థ ఏ జిల్లాకు ఏ జబ్బు ముప్పు ఉందో రెండు నెలల ముందుగా అంచనా వేసి నెలనెలా బులెటిన్ ఇస్తుంది. మన జిల్లా పేజీ చూసి, అందులో ఉన్నది మూడు వాక్యాల్లో తెలుగులో రాసి మీ రైతు సేవా కేంద్రాల్లో అంటించండి. అది జోస్యం కాదని, జాగ్రత్త పడటానికేనని కింద రాయండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రిండర్‌పెస్ట్ అనే పశువుల అంటురోగం కోసం వెతికేవాళ్ళం. ఊళ్ళోకి వెళ్ళి, రచ్చబండ దగ్గర కూర్చుని, 'నోట్లో పుండ్లు, పారుడు, కన్నీరు ఉన్న పశువు ఎక్కడైనా కనిపించిందా' అని అడగడమే పని. లేదన్న మాట కూడా రాసుకునేవాళ్ళం. దేశంలో చివరి కేసు 1995లో వచ్చింది. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి అలా అడుగుతూనే ఉన్నారు. 2011లో ప్రపంచమంతటా ఆ రోగం లేదని ప్రకటించారు. టీకా ఎంత పని చేసిందో, ఊరూరా తిరిగి అడగడమూ అంతే పని చేసిందని నేను నమ్ముతాను. మీరు కూడా కేసు వచ్చినప్పుడే ఊళ్ళోకి వెళ్తే, మిమ్మల్ని చూడగానే జనం భయపడతారు. ఏ జబ్బూ లేనప్పుడు వెళ్ళి కాసేపు కూర్చోండి.

ప్రశ్న: గాలికుంటు టీకా వేశాక మా గేదె పాలు తగ్గాయి. ఆర్నెల్లకోసారి ఈ నష్టం ఎందుకని ఈసారి వద్దనుకుంటున్నాం. లంపీకి వేయిస్తే చాలదా?
– పాడి రైతు, పెదగంట్యాడ మండలం

జవాబు: చాలదు. రెండూ వేరు వేరు వైరస్‌లు, ఒకదాని టీకా ఇంకోదానికి పని చేయదు. గాలికుంటు టీకా తర్వాత కొన్ని పశువులకు కాస్త జ్వరం వచ్చి, ఒకటి రెండు రోజులు పాలు తగ్గి మళ్ళీ పుంజుకుంటాయి. జబ్బే వస్తే నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడి ఆ ఈత పాలు చాలావరకు పోతాయి, దూడ గుండె ఆగి చనిపోవచ్చు. ఈ టీకా బలం ఎక్కువ కాలం ఉండదు, అందుకే ఆర్నెల్లకోసారి వేయాలి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దీని ఖర్చంతా కేంద్రానిదే, మీకు ఉచితం. నాలుగు నెలలు నిండిన దూడకు మొదటి సూది, నెలకు రెండోది వేయించండి. సూడి పశువైతే ఎన్నో నెలో టీకా వేసేవారికి ముందే చెప్పండి. ఎవరింట్లోనైనా గాలికుంటు కనిపిస్తే లీటరు నీటికి 40 గ్రాముల చాకలి సోడా కలిపి సాల నేల, గుమ్మం, చెప్పులు కడగండి.

ఇంకో సంగతి. చెవిపోగు వేసినప్పుడు మీ ఫోన్ నంబరు కూడా నమోదు చేస్తారు. మీరు ఉత్తరంలో కొత్త నంబరు తీసుకున్నామని రాశారు. టీకా వేయడానికి వచ్చినవారితో ఆ నంబరు మార్పించుకోండి, ఏదైనా సమాచారం పంపాల్సి వస్తే పాత నంబరుకు పోకుండా ఉంటుంది.